వెయ్యిని చేతిలో పెట్టిన అమ్మ

1990 నుంచి యూరో వచ్చేదాకా ఇటలీలో చెలామణి అయిన వెయ్యి లీరాల నోటు మీద పెద్ద వయసు స్త్రీ బొమ్మ ఒకటి ఉండేది. విలువలో అదేమీ గొప్ప నోటు కాదు, అప్పటి వాళ్ల నోట్లన్నిటిలో అదే చిన్నది. కాబట్టి ప్రతి పేదవాడి జేబులోనూ ఉండేది. నోటు వెనకవైపు పుస్తకం ముందు కూర్చున్న ఇద్దరు పిల్లలు ఉండేవారు. ఆమె రాణి కాదు, నటి కాదు. మూడేళ్ల పిల్లవాడి చేతిలో వెయ్యి అనే అంకెను బరువుగా పెట్టి చూపించిన వైద్యురాలు. పేరు మరియా మాంటిస్సోరి.

మన ఊళ్లలో ఈ పేరు తెలియనివారు లేరు. ఫీజులు కట్టించుకునే చిన్న బడుల బోర్డుల మీద రోజూ చూస్తూనే ఉంటాం. అది ఒక మనిషి పేరని ఎరిగినవారు మాత్రం తక్కువ. ఆమె ప్రభువును నమ్మిన స్త్రీ అనీ, రెండవ ప్రపంచ యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపారనీ, ఎక్కువకాలం మద్రాసులో ఉన్నారనీ, మన అనంతపురం జిల్లా కూడా ఆనాడు ఆ మద్రాసు రాష్ట్రంలోదేననీ తెలిసినవారు ఇంకా తక్కువ.

ఈ వారం ఆమె జీవితాన్ని రాయడానికి కారణం ఉంది. నల్లమాడ, కదిరి, బుక్కపట్నం వైపు సంఘాల్లో సాయంత్రం పూట పిల్లలను కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. సండే స్కూలు అక్కలు, పాస్టరమ్మలు, ఇంటర్ చదివే యౌవనస్థులు. ఈ సంగతి వాళ్లకు కొత్త కాదు: పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లవాడిని కూర్చోబెట్టి, ముప్పై నాలుగు శెనక్కాయలు లెక్కపెట్టి ఇవ్వమంటే ఇరవై దాటాక తడబడతాడు. నూట మూడు రాయమంటే వంద పక్కన మూడు రాసి 1003 అంటాడు. పిల్లవాడు మొద్దు కాదు. అతనికి వంద అనే మాట నేర్పాం, వందను ఎప్పుడూ చూపించలేదు. మాంటిస్సోరి తన జీవితంలో మంచి భాగాన్ని ఈ ఒక్క చిక్కు విప్పడానికే పెట్టారు.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా దగ్గర కియరవాల్లె అనే ఊళ్లో పుట్టారు. ఒక్కగానొక్క బిడ్డ. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి, పాత పద్ధతులు గల మనిషి. తల్లి రెనీల్దె భక్తిగలది, ఆ రోజుల్లో ఆడవాళ్లకు అరుదైన చదువు చదువుకున్నది. చిన్న మరియాకు రోజూ కొంత అల్లిక పని అప్పగించేదట, అది పేదవాళ్ల కోసం. మరియాకు ఐదేళ్ల వయసులో కుటుంబం రోముకు మారింది. పదమూడో ఏట ఆమె మగపిల్లల సాంకేతిక పాఠశాలలో చేరారు, ఇంజనీరు కావాలని. తర్వాత మనసు వైద్యం మీదికి మళ్లింది. తండ్రికి ఇష్టం లేదు, తల్లి వెనక నిలబడింది. వైద్య కళాశాలలో మగ విద్యార్థులతో కలిసి శవపరీక్ష పాఠానికి ఆడపిల్ల రాకూడదన్నారు. అందుచేత సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, చీకటి పడ్డ గదిలో శవాల మధ్య ఆమె ఒక్కతే నిలబడి నేర్చుకోవలసి వచ్చింది. 1896లో రోము విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. అప్పటికి ఇటలీలో అలాంటి స్త్రీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆమె మొదట పనిచేసింది మానసిక రోగుల ఆసుపత్రిలో. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను కూడా ఆ రోజుల్లో పిచ్చివాళ్లతో కలిపి అక్కడే పడేసేవారు. ఒక గదిలో అలాంటి పిల్లలు భోజనం కాగానే నేల మీద పడి రొట్టె ముక్కల కోసం పాకేవారు. వాళ్ల తిండి యావ చూడండని కాపలా ఆమె చీదరించుకుంది. మరియా గది నలుమూలలా చూశారు. చేత్తో పట్టుకోవడానికి ఆ గదిలో ఒక్క వస్తువు లేదు. పిల్లల కడుపులు నిండే ఉన్నాయి, ఆకలంతా చేతులదే. ఆ రొట్టె ముక్కలను తినడానికి కాదు, పట్టుకుని నలిపి చూసుకోవడానికి ఏరుకుంటున్నారని ఆమెకు తట్టింది. ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి వస్తువుకూ, ప్రతి పూసకూ మూలం ఆ గదిలో ఉంది.

ఇటార్, సెగాఁ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అంతకు ముందే ఇలాంటి పిల్లలతో పనిచేసి పుస్తకాలు రాశారు. లోకం వాళ్లను మరిచిపోయింది. మరియా ఆ పుస్తకాలను వెతికి పట్టుకుని, తొందరపడకుండా చదవాలని, తన చేత్తో ఇటలీ భాషలోకి ఆసాంతం రాసుకున్నారు. ఆ వస్తువులను పోలినవి చేయించి పిల్లల చేతికిచ్చారు. ఆమె దగ్గర చదివిన కొందరు పిల్లలు మామూలు పిల్లలతో పాటు ప్రభుత్వ పరీక్షకు కూర్చుని గట్టెక్కారు. ఊరంతా ఆశ్చర్యపోయింది. ఆమెకు వచ్చిన ఆలోచన వేరు: ఈ పిల్లలే ఇంత చేయగలిగితే, ఏ లోపమూ లేని పిల్లలు బడుల్లో ఇంత వెనకబడి ఎందుకున్నారు?

ఇక్కడ ఒక కష్టమైన విషయం చెప్పకుండా ముందుకు పోవడం కుదరదు. చాలా బడుల గోడల మీది జీవిత చరిత్రల్లో ఇది ఉండదు. ఆ ఆసుపత్రిలో తనతో పనిచేసే డాక్టర్ మోంటెసానోతో ఆమెకు ప్రేమ కలిగింది. పెళ్లి కాలేదు. 1898 మార్చి 31న మగబిడ్డ పుట్టాడు, పేరు మారియో. సంగతి బయటపడితే ఆమె వైద్యం, ఆమె పేరు, ఆమె పని అన్నీ ముగిసిపోయే కాలం అది. బిడ్డను రోముకు దూరంగా ఒక పల్లెలో వేరే కుటుంబానికి అప్పగించారు. తల్లి అప్పుడప్పుడు వచ్చి చూసి పోయేది, తానెవరో చెప్పకుండా. 1901లో మోంటెసానో వేరొక స్త్రీని పెళ్లి చేసుకున్నారు. మరియా ఆ సంస్థను విడిచిపెట్టారు.

లోకంలోని బిడ్డల కోసం జీవితం ధారపోసిన తల్లి సొంత బిడ్డను వేరే ఇంట్లో పెంచుకోవలసి వచ్చింది. ఆమెను తీర్పు తీర్చడం తేలిక. పెళ్లి కాని తల్లికి చోటు లేని లోకాన్నీ, అందులో దేవుని పేరు పెట్టుకున్న సమాజాన్నీ కూడా అదే తక్కెడలో పెట్టి చూడడం కొంచెం కష్టం. మన పల్లెల్లో ఈనాడు అలాంటి అమ్మాయికి ఏం జరుగుతుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

1907 జనవరి 6. తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన ప్రభువును చూడవచ్చిన సంగతిని సంఘం జ్ఞాపకం చేసుకునే దినం. రోములో సాన్ లోరెంజో అనే పేదల వాడలో ఆ రోజు ఒక గది తెరిచారు. పెద్ద పెద్ద అద్దె ఇళ్లు, ప్రతి గదిలో ఒక కుటుంబం. తల్లిదండ్రులు పొద్దున్నే కూలికి పోతే, బడికి పోయే వయసు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు గీకి పాడు చేసేవారు. ఇళ్లు బాగుచేయించిన కంపెనీకి ఒక ఉపాయం తట్టింది. ఏటేటా సున్నం కొట్టించే ఖర్చు కన్నా ఈ పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి చూసే మనిషిని పెట్టడం చవక. ఆ పని మీద డాక్టర్ మాంటిస్సోరిని పిలిచారు. ఈనాడు నగరాల్లో లక్షలు కట్టి చేర్పించే చదువు పుట్టింది ఇలా. కూలివాళ్ల పిల్లల కోసం, సున్నం ఖర్చు మిగుల్చుకోవడం కోసం.

దాదాపు యాభైమంది పిల్లలు. ఏడుపు ముఖాలతో, బెదురు చూపులతో వచ్చారు. ఆమె సెగాఁ పద్ధతిలో చేయించిన వస్తువులను వాళ్ల ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా గమనిస్తూ కూర్చున్నారు. మూడేళ్ల పాప ఒకతె కర్ర దిమ్మెలోని గుండ్రటి ముక్కలను తీసి, కలిపేసి, మళ్లీ ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలో పెడుతోంది. మరియా ఆ పాపను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టారు, చుట్టూ పిల్లలతో పాటలు పాడించారు. పాప తల ఎత్తలేదు. నలభైసార్లకు పైగా చేసి, తనంతట తానే ఆపి, నిద్రలేచినట్టు నవ్వుతూ చుట్టూ చూసింది. మరో రోజు బీరువాకు తాళం వేయడం మరిచిపోయారు. పిల్లలు తమకు కావలసినవి తామే తీసుకుని పనిలో కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆమె బీరువాలకు బదులు పిల్లల చేతికి అందే ఎత్తులో అరలు పెట్టించారు. దానంగా వచ్చిన ఖరీదైన బొమ్మలు మూలన పడి ఉండేవి, వాటిని ముట్టిన పిల్లలు లేరు.

ఇప్పుడు లెక్కల సంగతి. ఇది కాస్త నిదానంగా చదవండి, సండే స్కూలు అక్కలు ముఖ్యంగా.

చింతపిక్కలు వరసగా పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే, చిన్నపిల్లవాడికి మూడు అంటే ఆ మూడో పిక్క పేరు అనిపిస్తుంది. మన ఇంట్లో ఒకడి పేరు దావీదు, ఒకడి పేరు యోహాను అయినట్టు. మూడు అంటే మొత్తం కలిపిన గుంపు అని అతనికి తెలియదు. మరియా ఇది గమనించి, విడి వస్తువులతో కాకుండా పది కర్రలతో లెక్క మొదలుపెట్టారు. మొదటి కర్ర పది సెంటీమీటర్లు, పదోది ఒక మీటరు. ప్రతి పది సెంటీమీటర్లకు ఎరుపు, నీలం మారుతుంటుంది. మూడు అనే కర్ర ఒకే వస్తువు, విరవడానికి లేదు. అందులో మూడు భాగాలు కంటికి కనిపిస్తాయి. ఆరో కర్ర పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, పదో కర్ర మోసుకొస్తుంటే నడక తీరే మారిపోతుంది. ఎక్కువ, తక్కువ అనేవి ఒంటికి తెలుస్తాయి. తర్వాత ఒకటిని తొమ్మిది పక్కన, రెండును ఎనిమిది పక్కన, మూడును ఏడు పక్కన, నాలుగును ఆరు పక్కన పెడితే అన్నీ పదితో సమానం. ఐదు ఒంటరిగా మిగులుతుంది. దాన్ని ఒకసారి బోర్లించి పక్కకు తిప్పితే పది సరిపోతుంది. కూడిక, సగం, రెట్టింపు అన్నీ ఆ చాప మీదే అయిపోయాయి, పలక ఇంకా తీయలేదు.

అటు తర్వాత గరుకు కాగితంతో కత్తిరించిన అంకెలు. 2 ఎలా రాయాలో వేలు ముందే నేర్చుకుంటుంది. అప్పుడు కదురుల పెట్టె. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసిన పది అరలు, నలభై ఐదు కదురులు. ఒకటి అరలో ఒకటి, రెండు అరలో రెండు, అలా వేసుకుంటూ పోతే చివరకు సరిగ్గా అయిపోవాలి. ఒకటి మిగిలినా, తక్కువైనా ఎక్కడో తప్పు జరిగిందని పిల్లవాడికే తెలుస్తుంది. టీచరు ఎర్రసిరాతో దిద్దే పని లేదు, నలుగురిలో సిగ్గుపడే పని అంతకంటే లేదు. వస్తువే నెమ్మదిగా చెబుతుంది. ఆమె పద్ధతి మొత్తంలో నాకు అన్నిటికన్నా దయగా అనిపించేది ఇదే.

సున్నా అర ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూపించడానికి ఆమె ఒక ఆట పెట్టారు. ఒక్కొక్కరినీ పిలిచి, ఇన్నిసార్లు చప్పట్లు కొట్టు, ఇన్నిసార్లు నా దగ్గరికి రా అని చెప్పేవారు. సున్నాసార్లు రమ్మంటే చిన్నవాళ్లు పరుగెత్తుకొచ్చేసేవారు. పెద్దవాళ్లు కదలకుండా నిలబడి నవ్వు ఆపుకోలేకపోయేవారు. ఏమీ చేయకపోవడం కూడా ఒక లెక్కే అని ఒంటితో అర్థమైంది.

ఆ తర్వాత బంగారు రంగు పూసలు. ఒక విడి పూస ఒకటి. తీగకు గుచ్చిన పది పూసలు పది. అలాంటి పది తీగలు పక్కపక్కన కట్టిన పలక వంద. పది పలకలు ఒకదాని మీద ఒకటి కట్టిన ఘనం వెయ్యి. ఒక పూస వేళ్ల మధ్య జారిపోతుంది. వెయ్యిని నాలుగేళ్ల పాప రెండు చేతులతో ఎత్తి ఒడికి ఆనించుకుని తేవాలి. అంకెలు రాసిన చీటీలు కూడా అలాగే చేయించారు. వెయ్యి చీటీ పొడుగ్గా, వంద చీటీ దానికన్నా పొట్టిగా, పది, ఒకటి ఇంకా పొట్టిగా ఉంటాయి. 1000, 400, 30, 2 చీటీలను కుడి అంచుకు సరిపెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే 1432 అవుతుంది. సున్నాలు కింద దాక్కుంటాయి. నూట మూడును 1003 అని రాసే పిల్లవాడికి కావలసిన మందు ఇదే. వంద చీటీ మీద మూడు చీటీ పెడితే 103 కనబడుతుంది.

కూడిక నలుగురు కలిసి చేస్తారు. ముగ్గురు పిల్లలు మూడు పళ్లాల్లో వేరువేరు మొత్తాలు తెస్తారు. నేల మీద పరిచిన గుడ్డ మీద అన్నీ కుమ్మరిస్తారు. విడి పూసలు పది కాగానే ఒకడు బ్యాంకుకు పరుగెత్తి వాటినిచ్చి ఒక పది తీగ తెస్తాడు. మనం బడిలో గుర్తు పెట్టుకో, పక్కకు వేసుకో అని నేర్చుకున్నామే, ఆ పక్కకు వేసుకోవడం అంటే ఇదీ. భాగాహారం అంటే నలుగురు చేతులు చాచి కూర్చుంటే సమానంగా పంచడం. అన్నదమ్ములతో కలిసి పెరిగిన పిల్లలకు అందులో అన్యాయం ఎక్కడ జరిగినా వెంటనే తెలుస్తుంది.

ఒక చిన్న మాట. తెలుగు అంకెల పేర్లు ఈ పనికి ఎంత బాగా కుదురుతాయో చూడండి. పదమూడు అంటే పది, మూడు. పద్నాలుగు అంటే పది, నాలుగు. పేరులోనే తీగా, పూసలూ కనబడతాయి. థర్టీన్, థర్టీ అనేవి చెవికి ఒకేలా వినబడి ఇంగ్లీషు పిల్లలే తికమకపడతారు. బడి ఏ మీడియమైనా, మొదటిసారి పూసలు చేతిలో పెట్టేటప్పుడు అమ్మ భాషలో చెప్పడం మంచిది.

ఆమె జీవితంలో మిగిలినదంతా ప్రయాణాలే. 1909లో తన పద్ధతి గురించి పుస్తకం రాశారు. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 1913లో అమెరికా ఆమెకు బ్రహ్మరథం పట్టింది, కొన్నేళ్లలోనే అక్కడి పండితులు విమర్శించి పక్కన పెట్టారు. 1912 చివర తల్లి కన్నుమూసింది. ఆ మరుసటి ఏడు, పదిహేనేళ్లు రాబోతున్న మారియో తల్లి దగ్గరికి వచ్చేశాడు. లోకానికి మాత్రం ఆయనను మేనల్లుడనీ, పెంపుడు కొడుకనీ చెప్పేవారు. అప్పటి నుంచి ఆమె చివరి శ్వాస దాకా మారియో ఆమె పక్కనే ఉన్నారు.

స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఆమె చాలా ఏళ్లు ఉన్నారు. ఆమె కతోలిక సంఘానికి చెందినవారు. మన పాఠకుల్లో అన్ని సంఘాలవారూ ఉన్నారు, అయినా అక్కడ ఆమె చేసిన పని అందరికీ నచ్చుతుంది. ఆరాధనను కూడా పిల్లల చేతికందే వస్తువులతో నేర్పించారు. చిన్న బల్ల, చిన్న పాత్రలు. పిల్లలే కొద్దిపాటి నేలలో గోధుమలు విత్తి, ద్రాక్ష తీగలు నాటి పెంచారు, ప్రభువు బల్ల కోసం. కోత కోసేదాకా, పండు పండేదాకా వాళ్లు కాచుకోవలసి వచ్చింది. రొట్టె, ద్రాక్షారసం ఎక్కడ నుంచి వస్తాయో ఆ పిల్లలకు ఇక ఎవరూ వివరించనక్కరలేదు. లెక్కల వస్తువుల మీద ఆమె రాసిన పెద్ద పుస్తకం కూడా 1934లో బార్సిలోనాలోనే అచ్చయింది.

ఆమెలో మచ్చలూ ఉన్నాయి. 1924లో ముస్సోలినీ ఆమె బడులకు అండగా నిలిచినప్పుడు ఆమె ఆ చేయి పట్టుకున్నారు. బడులు పెరుగుతాయన్న ఆశ కావచ్చు. ఆ నియంతకు కావలసింది ఆలోచించే పిల్లలు కాదు, కవాతు చేసే పిల్లలు. ఆ సంగతి తేలడానికి పదేళ్లు పట్టింది, అది చాలా ఎక్కువ కాలం. 1934లో తెగతెంపులయ్యాయి, ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు అప్పటికే మూయించారు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం ఆమెను బార్సిలోనా నుంచి కూడా తరిమింది. హాలండ్ చేరారు.

1939లో, అరవై తొమ్మిదేళ్ల వయసులో, ఆమె మన దేశానికి వచ్చారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజం నుంచి జార్జ్ అరండేల్, రుక్మిణీదేవి పిలిచారు. కతోలిక విశ్వాసురాలు వాళ్ల ఆవరణలో ఉండడమేమిటని కొందరికి నచ్చలేదు. ఆమె దృష్టి పిల్లల మీద ఉంది. తాటాకు పందిళ్ల కింద దాదాపు మూడు వందల మంది ఉపాధ్యాయులు దేశం నలుమూలల నుంచి వచ్చి కూర్చున్నారు. ఆమె ఇటలీ భాషలో చెప్పేవారు, మారియో వాక్యం వెంట వాక్యం ఇంగ్లీషులోకి మార్చేవారు. కొద్ది నెలలు ఉండి వెళ్లిపోదామని వచ్చారు. మారియో నలుగురు పిల్లలను హాలండ్‌లో విడిచి వచ్చారు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. బ్రిటిషువారి దృష్టిలో తల్లీకొడుకులు ఒక్క రాత్రిలో శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు. ఆమెను అడయారు ఆవరణ దాటకుండా కట్టడి చేశారు. ఆమె పాఠాలకు గొంతు ఆయనే, ఆ ముసలితనంలో చేతికర్ర ఆయనే. రెండు నెలలకు పైగా గడిచింది. ఆగస్టు 31న ఆమెకు డెబ్బై ఏళ్లు నిండాయి. ఆ రోజున వైస్రాయి దగ్గర నుంచి తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా మారియోను విడుదల చేస్తున్నామని. ఆ తంతిలో ఆయనను ఆమె కుమారుడనే పేర్కొన్నారని ఆమె జీవితం రాసినవారు చెబుతారు. నలభై రెండేళ్లుగా నలుగురిలో నోరారా పిలవలేని మాటను పరాయి ప్రభుత్వం కాగితం మీద రాసి పంపింది.

ఆ తర్వాత వాళ్లకు కొంత స్వేచ్ఛ దొరికింది. 1942 నుంచి రెండేళ్లు కొడైకెనాల్‌లో ఉన్నారు. అక్కడ చిన్న పెద్ద పిల్లలు ఒకే చోట కలిసి చదువుకునేవారు. అహ్మదాబాదు, పూనా, కరాచీ, కాశ్మీరం, సింహళం తిరిగి పాఠాలు చెప్పారు. భారతదేశంలో ఆమె దగ్గర శిక్షణ పొందినవారు వెయ్యిమందికి పైనే. ఆమె హాలండ్ వెళ్లి మనవలను చూసింది 1946లో. మరుసటి ఏడే మళ్లీ ఇక్కడికి వచ్చి, 1949 దాకా ఉన్నారు.

ఆమె నాటినవి మన నేలలో మొలిచాయి. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు 1955లో మాంటిస్సోరి పేరుతో బడి పెట్టారు, ముఖ్యంగా ఆడపిల్లల చదువు కోసం జీవితమంతా పాటుపడ్డారు. మనకు ఇంకా దగ్గరగా, మదనపల్లె పక్కన రిషి వ్యాలీ వారు చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు తయారు చేశారు. పిల్లవాడు తన వేగంతో తాను ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. పేరు వేరైనా, చేతితో పని చేస్తూ నేర్చుకోవాలనే ఆలోచన అదే.

బోర్డు మీద పేరు రాయించుకుని, లోపల పిల్లలను బెంచీల మీద కట్టేసి కూర్చోబెట్టే బడులూ ఉన్నాయి. కొన్నిచోట్ల పూసలు కొన్నారు కూడా. పిల్లలు పాడుచేస్తారని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం మరిచిపోయిన ఆ సాన్ లోరెంజో రోజు వాళ్లకు ఎవరైనా గుర్తు చేస్తే బాగుండును.

నల్లమాడలో బంగారు పూసలు కొనే స్తోమత ఎంత సంఘానికి ఉంటుంది? వానలు లేక శెనగ పంట పోయిన ఏడు బెంగళూరుకు వలస పోయే కుటుంబాలు మనవి. అవ్వ దగ్గర విడిచిపెట్టిన పిల్లలే సాయంత్రం చర్చి అరుగు మీద పలకలతో కూర్చునేది. అయినా పూసలే కావాలని లేదు. చీపురు పుల్లలు ఒకే పొడవున విరిచి, పదేసి రబ్బరు బ్యాండుతో కడితే పది. పది కట్టలు తాడుతో కడితే వంద. పది వందలు ఒక మోపు కడితే వెయ్యి. ఆ మోపును ఒకటో తరగతి పాప ఎత్తుకుని మోసుకురావాలి, అది ముఖ్యం. తీగ, పలక, ఘనం బదులు కట్ట, పెద్ద కట్ట, మోపు. మారకం మాత్రం ఖచ్చితంగా జరగాలి. పది పుల్లలు ఇచ్చాకే ఒక కట్ట. ఎర్ర, నీలం కర్రల కోసం వెదురు బద్దలు కొలిచి కోసి రంగు వేయడానికి వడ్రంగికి ఒక పూట పని. గరుకు కాగితం ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. కదురుల బదులు నలభై ఐదు చింతపిక్కలు, పది అగ్గిపెట్టెలు, ఒకటి ఖాళీగా. లెక్క పెట్టి నలభై ఐదే వేయండి. ఎక్కువ వేస్తే తప్పు చెప్పే గుణం పోతుంది.

మన పిల్లలకు చేతి లెక్క కొత్త కూడా కాదు. వామనగుంటల ఆటలో గుంటకు ఎన్ని పిక్కలో చూడకుండానే చెప్పే అమ్మాయిలు ఉన్నారు. అచ్చనగాయల్లో ఒకటి ఎగరేసి రెండు, మూడు పట్టుకునే చేతులవి. ఆ చేతులకే బడిలో లెక్కలు రావడం లేదంటే, బడిలో వాటికి పని ఇవ్వడం లేదన్నమాట.

ఆమె చెప్పిన ఒక జాగ్రత్త కూడా ఉంది, పుల్లలు కట్టడం కన్నా అదే కష్టం. వస్తువును ఒకసారి, తక్కువ మాటలతో చూపించి, వెనక్కి జరిగి కూర్చోవాలి. పిల్లవాడు తప్పు పెడుతుంటే చేయి ముందుకు పోకుండా ఆపుకోవాలి. మాట్లాడడం అలవాటైన బోధకులమైన మనకు ఇది బాగా కష్టం.

1949, 1950, 1951లో నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు సూచించారు, రాలేదు. 1952 మే 6న, హాలండ్ సముద్రతీరంలో నోర్డ్‌వైక్ అనే ఊళ్లో, ఎనభై ఒకటో ఏట ఆమె కన్నుమూశారు. ఆ రోజు కూడా ఆఫ్రికాకు పోయి అక్కడి ఉపాధ్యాయులకు పాఠాలు చెప్పే సంగతి కొడుకుతో మాట్లాడుతున్నారు. ఆరోగ్యం బాగాలేదు, ప్రయాణం వద్దన్నట్టు మారియో మాట్లాడారు. ఆ కాసేపట్లోనే పోయారు. అక్కడి చిన్న కతోలిక సమాధుల తోటలోనే పాతిపెట్టారు. ఆమె పెట్టిన సంఘాన్ని, ఆమె వస్తువులను, ఆ పూసల కొలతలను మారియో మరో ముప్పై ఏళ్లు కాపాడారు. 1982లో ఆయన చనిపోయారు.